వంద కోట్ల ఏడు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో, శని ఆదివారాలు ప్రోగ్రామింగ్ క్లాసులు చెబుతుంటాను. బోర్డు మీద మొదటిసారి 1000000007 అని రాసిన రోజు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే గోల. ఒకరు సున్నాలు లెక్కపెడతారు. ఇంకొకరు "ఇదెక్కణ్నుంచి ఊడిపడింది అన్నా?" అంటారు. బ్యాచ్ మారినా ప్రశ్నలు మారవు కాబట్టి సమాధానాలన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఉద్యోగాల టెన్షన్ లేకుండా ఊరికే లెక్కలంటే ఇష్టపడేవాళ్లు మొదటి సగం దాటేసి, ఒకటిని ఈ సంఖ్యతో భాగించే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నాకైతే అసలు రుచి అక్కడే ఉంది.

ఇంతకీ దీన్ని ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే 1,00,00,00,007. అంటే వంద కోట్ల ఏడు. కోడింగ్ చేసేవాళ్లు 'టెన్ పవర్ నైన్ ప్లస్ సెవెన్' అంటారు, తొందరలో ఉంటే 'వన్ ఈ నైన్ ప్లస్ సెవెన్'. ఉర్దూలో వంద కోట్లను అరబ్ అంటారు, కాబట్టి పాతబస్తీ నుంచి వచ్చే పిల్లల నోట ఇది 'ఏక్ అరబ్ సాత్'. మన పెద్దల లెక్కలో వంద కోట్లంటే శతకోటి. శతకోటి లింగాల్లో బోడిలింగం అంటామే, అదే శతకోటి. ఆ లింగాలన్నీ లెక్కపెట్టాక ఇంకో ఏడడుగులు వేస్తే మన సంఖ్య వస్తుంది. (ఏడడుగులు అనగానే క్లాసులో ఎవరో ఒకరు నవ్వుతారు.)

రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకటికీ ఏడుకీ మధ్య ఎనిమిది సున్నాలుండాలి. ఏడే పెడితే పది కోట్ల ఏడు అవుతుంది. చిక్కేమిటంటే మన సంఖ్యలాగే అది కూడా ప్రధాన సంఖ్యే (ప్రైమ్ నంబర్, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం కానిది). ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, తప్పు చూపించదు, తప్పుడు ఆన్సర్ మాత్రం హాయిగా ఇచ్చేస్తుంది. సాయంత్రం దాకా వెతికినా ఆ సున్నా దొరకదు. అందుకే సంఖ్యను చేత్తో టైప్ చేయకుండా, పైన ఒక్కసారి రాసుకుని దాని పేరే అంతటా వాడమని చెబుతాను.

ఉద్యోగాల కోడింగ్ పరీక్షల్లో చాలా ప్రశ్నల చివర "ఆన్సర్‌ను 1000000007తో భాగించి శేషం చెప్పండి" అని ఎందుకుంటుంది?

అసలు ఆన్సర్ మరీ పెద్దదై కంప్యూటర్ గుప్పెట్లో పట్టదు కాబట్టి.

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో 50 మెట్లున్నాయనుకుందాం. ఒక్కో అడుగుకు ఒక మెట్టో రెండు మెట్లో ఎక్కొచ్చు. పైకి చేరడానికి ఎన్ని రకాల దారులున్నాయి? ఒక మెట్టుకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5. ముందున్న రెండింటినీ కలుపుకుంటూ పోతే యాభయ్యో మెట్టు దగ్గర 20365011074 వస్తుంది. రెండు వేల ముప్పై ఆరు కోట్ల చిల్లర! నిండా యాభై మెట్లకే ఇంత ఉంటే వెయ్యి మెట్లకు వచ్చే సంఖ్యలో రెండు వందలకు పైగా అంకెలుంటాయి. అంత సంఖ్యను పోల్చి చూడటం పరీక్ష పెట్టేవాళ్లకూ తలనొప్పే. అందుకని శేషం అడుగుతారు. 20365011074లో మన సంఖ్య 20 సార్లు పోతుంది, మిగిలేది 365010934. చెప్పాల్సిన ఆన్సర్ ఇదే.

కూడికలోనూ గుణకారంలోనూ ఎప్పటికప్పుడు శేషం తీసుకుంటూ పోయినా చివరికి వచ్చే శేషం మారదు. గోడ గడియారంలో పది గంటలకు అయిదు గంటలు కలిపితే మూడు అవుతుంది కదా, అదే లెక్క. ఇక్కడ గడియారం చుట్టూ పన్నెండు అంకెలు కాదు, వంద కోట్ల ఏడున్నాయి, అంతే తేడా.

ఇది నిజంగా ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి?

నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఏ సంఖ్యకైనా కారణాంకం ఉంటే, అందులో ఒకటి దాని వర్గమూలం లోపే దొరికి తీరాలి. 31622 వర్గం 999950884, 31623 వర్గం 1000014129. మన సంఖ్య ఆ రెంటి మధ్యలో ఉంది. అంటే 31622 లోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. అవి 3401 ఉన్నాయి. ఒక్కో భాగహారానికి పది సెకన్లు వేసుకున్నా క్యాలిక్యులేటర్‌తో తొమ్మిదిన్నర గంటల పని. కంప్యూటర్‌కు రెప్పపాటు కూడా పట్టదు.

ఇంకా తొందరైతే మిల్లర్–రాబిన్ పరీక్ష ఉంది. 475 కోట్ల లోపు సంఖ్యలకు దాన్ని 2, 7, 61 అనే మూడింటితో చేస్తే చాలు, తీర్పులో సందేహం ఉండదు.

వంద కోట్లు దాటాక మొదట వచ్చే ప్రధాన సంఖ్య ఇదేనా? మధ్యలో ఉన్నవాటి సంగతేంటి?

ఇదే మొదటిది. పది అంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నదన్నమాట. సరి సంఖ్యలను పక్కన పెడితే మధ్యలో మిగిలేవి మూడే. 1000000005 అయిదుతో పోతుంది. 1000000003 చూడ్డానికి అమాయకంగా ఉంటుంది కానీ 23 × 307 × 141623.

ఇక 1000000001. దీనికి పాత కథ ఉంది. తొమ్మిదో శతాబ్దపు జైన గణిత పండితుడు మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహంలో, మెడలో హారంలా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలు కొన్ని కనిపిస్తాయి. వాటిలో ఒకటి 142857143 × 7 = 1000000001. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మన పక్కింటి సంఖ్య ఏడుతో భాగమవుతుందని వెయ్యేళ్ల కిందటే మనవాళ్లకు తెలుసు. ఆ 142857 అన్న వరుసను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

కిందివైపు చూస్తే వంద కోట్ల లోపు చివరి ప్రధాన సంఖ్య 999999937. అక్కణ్నుంచి మన సంఖ్య దాకా 70 దూరం, మధ్యలో అంతా బీడు. వంద కోట్ల లోపు ప్రధాన సంఖ్యలు మొత్తం 5,08,47,534. కాబట్టి వరుసలో మనది 5,08,47,535వది.

పక్కనే 1000000009 కూడా ప్రధాన సంఖ్యట కదా?

అవును. రెండే తేడా ఉన్న ఇలాంటి జంటను కవల ప్రధాన సంఖ్యలంటారు. 11, 13 లాగా, 17, 19 లాగా. కొందరు 1000000009ని కూడా వాడతారు. రెండూ మంచివే.

భాగించడానికి ప్రధాన సంఖ్యే ఎందుకు? గుండుగా వంద కోట్లు పెట్టుకోవచ్చుగా?

కూడికలు, గుణకారాలే అయితే పెట్టుకోవచ్చు. భాగహారం వచ్చిందంటేనే తంటా.

లాడ్ బజార్‌లో 13 గాజులు కొన్నారనుకోండి. అందులో రెండు ఎర్రవి అచ్చంగా ఒకేలా, రెండు పచ్చవి ఒకేలా ఉన్నాయి, మిగతా తొమ్మిదీ వేటికవే. చేతికి ఎన్ని వరుసల్లో వేసుకోవచ్చు? 13 ఫ్యాక్టోరియల్‌ను (1 నుంచి 13 దాకా అన్నీ గుణిస్తే వచ్చేదాన్ని) 4తో భాగించాలి. 13 ఫ్యాక్టోరియల్ 6227020800, నాలుగో వంతు 1556755200, దాని శేషం 556755193. సరైన ఆన్సర్ ఇది.

ఇప్పుడు ప్రోగ్రాం చేసినట్టు చేద్దాం. 13 ఫ్యాక్టోరియల్ దగ్గరే శేషం తీసుకుంటే 227020758. దాన్ని నాలుగుతో భాగిస్తే 56755189.5. అర గాజు! శేషాన్ని మామూలుగా భాగించకూడదని ఇక్కడే తెలిసిపోతుంది. దానికి బదులు 4కు గుణకార విలోమంతో గుణించాలి. అంటే 4తో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్యతో. ఆ సంఖ్య 250000002, ఎందుకంటే 4 × 250000002 = 1000000008. 227020758ని దీనితో గుణించి శేషం తీసి చూడండి, 556755193 చక్కగా వచ్చి కూర్చుంటుంది.

వంద కోట్ల గడియారంలో 4కు విలోమమే లేదు. 2కూ లేదు, 5కూ లేదు. 4ను దేనితో గుణించినా చివరి అంకె సరి సంఖ్యే, 1 ఎప్పటికీ రాదు. ప్రధాన సంఖ్య అయితే సున్నా తప్ప ప్రతిదానికీ విలోమం ఉంటుంది.

విలోమాలను గుర్తుపెట్టుకోవడానికి చిట్కా ఏమైనా ఉందా?

ఈ సంఖ్యకు ప్రత్యేకంగా ఒకటుంది, నాకు భలే ఇష్టం. దీనికి ఒకటి కలిపితే 1000000008. అది వెయ్యి ఘనానికి రెండు ఘనం కలిపినట్టు. ఘనాల మొత్తం సూత్రం పదో తరగతి లోపే చదువుకున్నారు కాబట్టి 1002 × 998004 అని విడగొట్టేయొచ్చు. ఇంకా విడదీస్తే 8 × 9 × 7 × 109 × 109 × 167. అందులో 2, 3, 4, 6, 7, 8, 9 అన్నీ ఇమిడిపోయాయి. కాబట్టి వీటి విలోమాలు కావాలంటే 1000000008ని నేరుగా భాగించేయడమే: 2కు 500000004, 3కు 333333336, 6కు 166666668, 8కి 125000001, 9కి 111111112. ఏడుకి? 142857144. మహావీరుడి హారం మళ్లీ మెరిసింది.

ఒంటి అంకెల్లో 5 ఒక్కటే మొరాయిస్తుంది. దానికి రెండు చుట్లు తిరగాలి: 2000000015ని 5తో భాగిస్తే 400000003.

పెద్ద సంఖ్యలకైతే ఫెర్మా సూత్రం. ఏ సంఖ్యనైనా (మన ప్రధాన సంఖ్యతో నిశ్శేషంగా భాగమయ్యేది కాకపోతే) 1000000005 ఘాతానికి పెంచి శేషం తీస్తే అదే దాని విలోమం. ఫెర్మా 1640లో ఒక లేఖలో ఈ మాట రాశాడు, నిరూపణ ఇవ్వలేదు. దాదాపు వందేళ్ల తర్వాత ఆయిలర్ ఇచ్చాడు. వంద కోట్ల సార్లు గుణించాలా అని భయపడకండి. 29 సార్లు వర్గం చేసి, 14 సార్లు గుణిస్తే అయిపోతుంది.

నా ఆన్సర్ మైనస్‌లో వస్తోంది. ఎందుకు?

ఈ ప్రశ్న రాత్రి పదకొండు తర్వాతే వస్తుంది, హాస్టళ్ల నుంచి.

మామూలు పూర్ణాంకానికి చాలా భాషల్లో 32 బిట్లే ఇస్తారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. మన శేషాల్లో అతి పెద్దది 1000000006. రెండు కలిపితే 2000000012, ఇరుకుగానైనా పట్టేస్తుంది. మూడోది ఎక్కిందా, బోల్తా! 3000000018 రావాల్సిన చోట మైనస్ 1294967278 కనిపిస్తుంది. నిండిన షేర్ ఆటోలో ఇంకొకరు ఎక్కితే అటువైపు చివర కూర్చున్నవాడు కింద పడ్డట్టు. ఈ సంఖ్యను ఎంచుకోవడంలో ఉన్న తెలివి కూడా ఇదే: రెండు శేషాల కూడిక 32 బిట్లలో, రెండు శేషాల గుణకారం 64 బిట్లలో పట్టాలి. గుణకారం మహా అయితే 1000000012000000036. 64 బిట్ల హద్దు దానికి తొమ్మిది రెట్ల పైనే.

గుణించే ముందే 64 బిట్ల రకంలోకి మార్చాలి, గుణించాక మారిస్తే లాభం లేదు. నేను ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఆన్‌లైన్ పరీక్షలో సరిగ్గా ఈ తప్పే చేశాను. ఇచ్చిన మూడు నమూనాలూ చిన్నవి, పాసైపోయాయి. దాచిన టెస్టులన్నీ పోయాయి. బయటికొచ్చి టీ తాగుతూ పక్కవాడికి నా ప్రోగ్రాం వివరిస్తుంటే, సగం మాటలోనే తెలిసింది ఎక్కడ పోయిందో. చల్లారిన టీ అలాగే తాగేశాను.

మైనస్‌కు ఇంకో కారణం తీసివేత. 5లోంచి 9 తీసి శేషం అడిగితే సీ, జావాల్లో మైనస్ 4 వస్తుంది, పైథాన్‌లో 1000000003 వస్తుంది. రెండూ గడియారంలో ఒకే చోటే, కానీ పరీక్షలో పైథాన్ చెప్పిందే కావాలి. తీసివేత తర్వాత ఒకసారి 1000000007 కలిపి మళ్లీ శేషం తీయండి.

కొన్ని ప్రశ్నల్లో 998244353 అని ఉంటుంది. అదేంటి?

అది వేరే జాతి. అందులోంచి ఒకటి తీసేస్తే 119 × 8388608. ఆ రెండోది 2కు 23వ ఘాతం. పొడవాటి బహుపదులను వేగంగా గుణించే పద్ధతికి ఇలా రెండ్లు బోలెడు ఉండాలి. మన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ఒక్కటే రెండు ఉంటుంది, కాబట్టి ఆ పనికి పనికిరాదు.

10, 100, 1000 ఇలా దేనికి ఏడు కలిపినా ప్రధాన సంఖ్య వస్తుందా?

రాదు. కానీ వరుస సరదాగా ఉంటుంది. 17 ప్రధాన సంఖ్య, 107 కూడా. 1007 మాత్రం 19 × 53. 10007 ప్రధాన సంఖ్య. తర్వాత మూడు పోయాయి: 100007 = 97 × 1031, 1000007 = 29 × 34483, 10000007 = 941 × 10627. ఆ తర్వాత పది కోట్ల ఏడు ప్రధాన సంఖ్య.

నెగ్గినవాటిలో 10కి ఉన్న ఘాతాలు చూడండి: 1, 2, 4, 8. రెట్టింపవుతున్నాయి! ఇక్కడిదాకా చెప్పి ఆగితే క్లాసంతా తర్వాతది 16 అంటుంది. తర్వాతది 9, అదే మన సంఖ్య. ఆ తర్వాత ఏకంగా 24 దాకా ఏమీ లేదు. 16 దగ్గర 53 అడ్డం పడింది. చేత్తోనే చూడొచ్చు: 53తో భాగిస్తే 100కు శేషం 47, అంటే మైనస్ 6. దాని వర్గం 36, కాబట్టి నాలుగో ఘాతం శేషం 36. మళ్లీ వర్గం చేస్తే 1296, శేషం 24. మళ్లీ చేస్తే 576, శేషం 46. అది పదహారో ఘాతం. ఏడు కలిపితే 53. పోయింది.

ఒకటి తీసేస్తే వచ్చే 1000000006లో ఏమైనా విశేషం ఉందా?

ఉంది. అది 2 × 500000003, ఆ 500000003 కూడా ప్రధాన సంఖ్యే. ఇలా ఒకటి తీసి సగం చేసినా ప్రధాన సంఖ్యే మిగిలితే దాన్ని సేఫ్ ప్రైమ్ అంటారు. ఆ సగానికి ఫ్రెంచ్ గణితవేత్త సోఫీ జెర్మేన్ పేరు మీద సోఫీ జెర్మేన్ ప్రైమ్ అని పేరు. ఆడవాళ్లకు కాలేజీ ప్రవేశం లేని రోజుల్లో మగ విద్యార్థి పేరుతో ఉత్తరాలు రాసి గణితం నేర్చుకున్న మనిషి ఆవిడ.

దీనివల్ల ఒక వింత. 2ను 500000003 సార్లు గుణించి ఒకటి తీసేస్తే పదిహేను కోట్ల అంకెలకు పైగా ఉన్న కొండ లాంటి సంఖ్య వస్తుంది. దాన్ని రాయడానికే ఏళ్లు పడతాయి. అయినా అది ప్రధాన సంఖ్య కాదని ఇక్కడ కూర్చుని ధైర్యంగా చెప్పొచ్చు. ఎందుకంటే మన 1000000007 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

ఒకటిని 1000000007తో భాగిస్తే ఏమొస్తుంది?

హమ్మయ్య, ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే ఆ రోజు క్లాసు అరగంట ఎక్కువ నడుస్తుంది.

ముందు చిన్నది చూద్దాం. ఒకటిని ఏడుతో భాగిస్తే 0.142857 142857 అని ఆరంకెలు తిరుగుతూనే ఉంటాయి. ఏడుతో భాగిస్తే సున్నా కాని శేషాలు ఆరే ఉంటాయి కాబట్టి ఆరు కంటే ఎక్కువ అంకెలు ఎలాగూ కుదరవు. ఏడు తన హద్దు మొత్తం వాడుకుంది. అన్ని ప్రధాన సంఖ్యలూ ఇలా చేయవు. 13కు పన్నెండంకెల అవకాశం ఉంటే ఆరుతోనే సరిపెట్టుకుంటుంది.

మన సంఖ్య ఏడు లాంటిదే. 1000000006 అంకెలు నడిచాకే మళ్లీ మొదటికొస్తుంది. వంద కోట్ల ఆరు అంకెలు, ఒక్కటి తగ్గకుండా! పైన చెప్పిన సేఫ్ ప్రైమ్ గుణం ఇక్కడే అక్కరకొస్తుంది. తిరిగే అంకెల సంఖ్య 1000000006ను భాగించేదే అయి ఉండాలి. అలాంటివి 1, 2, 500000003, 1000000006 నాలుగే. ఒకటి, రెండు కావని చూస్తేనే తెలుస్తుంది. సగమా, మొత్తమా అన్నదే తేలాలి. ఈ గడియారంలో 10 ఏ సంఖ్యకైనా వర్గం అవుతుందా అని చూస్తే, 2 అవుతుంది, 5 అవదు, కాబట్టి 10 అవదు. వర్గం అయితే సగం, కాకపోతే మొత్తం. అందువల్ల మొత్తం.

మొదటి అంకెలు తొమ్మిదేసి చొప్పున విడగొట్టి రాస్తే ఇలా ఉంటాయి:

0.000000000 999999993 000000048 999999657 000002400 …

కాస్త పరీక్షగా చూడండి. 999999993 అంటే వంద కోట్లకు ఏడు తక్కువ. 48 అంటే 49కి ఒకటి తక్కువ. 999999657 అంటే 343 తక్కువ. 2400 అంటే 2401కి ఒకటి తక్కువ. 7, 49, 343, 2401. ఏడు ఘాతాలు వరుసగా తొంగిచూస్తున్నాయి. తగ్గిన ఆ ఒక్కొక్కటీ పక్కగడికి ఇచ్చిన అప్పు.

ఇంకా ఉంది. ఈ వంద కోట్ల ఆరు అంకెల్లో ఏ అంకె ఎన్నిసార్లు వస్తుందో ఒక్కటి కూడా రాయకుండానే చెప్పొచ్చు. 0, 3, 6, 9 ఒక్కోటి సరిగ్గా పది కోట్ల సార్లు. 1, 2, 4, 5, 7, 8 ఒక్కోటి పది కోట్ల ఒకసారి. ఆ ఎక్కువ వచ్చిన ఆరంకెలు ఏవి? 142857లో ఉన్నవే. సంఖ్య చివర 7 ఉండి, ఇలా పూర్తి చుట్టు తిరిగేదైతే ఎప్పుడూ ఇంతే జరుగుతుంది. ఆ రకంగా ఇది ఏడుకి దూరపు చుట్టం కాదు, పెద్దక్క.

అన్ని అంకెలూ కలిపితే 4500000027. మొదటి సగాన్నీ రెండో సగాన్నీ ఒకదాని కింద ఒకటి రాసి కూడితే అన్నీ తొమ్మిదులే. ఇవన్నీ సెకనుకో అంకె చొప్పున నిద్రాహారాలు మాని రాస్తే 31 ఏళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. కాగితాల ఖర్చు నన్నడక్కండి.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా?

రాయలేం. నాలుగుతో భాగిస్తే 3 మిగులుతుంది, అలాంటి ప్రధాన సంఖ్యలకు ఆ భాగ్యం లేదు. వర్గాల తేడాగా అయితే ఒకే ఒక్క విధంగా: 500000004 వర్గంలోంచి 500000003 వర్గం తీసేయాలి.

బ్యాంకుల భద్రతకు ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యలే వాడతారట. ఇది కూడానా?

ఆ లోకంలో ఇది పసిపిల్ల. దీనికి ముప్పై బిట్లే. అక్కడ సాధారణంగా వాడే 2048 బిట్ల సంఖ్యల్లో ఆరు వందలకు పైగా అంకెలుంటాయి.

పదాలకు హ్యాష్ విలువలు (పదానికి గుర్తుగా లెక్కగట్టి ఇచ్చే సంఖ్యలు) ఇవ్వడానికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా ప్రమాదమే. వంద కోట్ల గదులున్నాయి కదా, రెండు పదాలు ఒకే గదిలో పడవులే అనుకుంటాం. పదాలు 37 వేలు దాటేసరికే ఎక్కడో ఒక జత ఢీకొనే అవకాశం సగానికి సగం. నలభై మంది క్లాసులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయితే ఆశ్చర్యపోతాం గానీ, అదీ ఈ లెక్కే. రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యలతో రెండు హ్యాష్‌లు తీసుకోండి.

ఇది అదృష్ట సంఖ్యా? అంకెలు కూడితే 8 వస్తోంది.

ఎనిమిది శనిదని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నిజంగానే బాధపడింది. ఫ్యాన్సీ నంబర్ల కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసే ఊరు మనది, కాబట్టి తప్పు పట్టను. పది అంకెలున్నాయి కదా, మొబైల్ నంబరుగా తీసుకోవచ్చా అని ఇంకొకడు అడిగాడు. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి నాయనా.

కంప్యూటర్ గడియారంలో ఈ సంఖ్య ఎప్పుడు వచ్చింది?

యూనిక్స్ యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ లెక్క 1000000007కు చేరింది 2001 సెప్టెంబర్ 9న, మన టైం ఉదయం 7 గంటల 16 నిమిషాల 47 సెకన్లకు. ఆదివారం. ఊరంతా ఇంకా టిఫిన్ల దగ్గరే ఉండి ఉంటుంది.

మా చెల్లి ఏడో తరగతి. తనకు ఇందులో ఏం చూపించొచ్చు?

వంద కోట్ల ఏడు వద్దు, దాని చిన్న చెల్లెలు 17 ఇవ్వండి. గళ్ల కాగితం మీద ఒకటిని 17తో భాగిస్తూ పొమ్మనండి. పదహారంకెలు వచ్చాక మళ్లీ మొదటికి రావాలి: 0588235294117647. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టమనండి. 0, 3, 6, 9 ఒక్కోసారి, మిగతావి రెండేసి సార్లు వస్తే భాగహారం సరిగ్గా చేసినట్టే. తర్వాత మొదటి ఎనిమిది అంకెల కింద చివరి ఎనిమిదీ రాసి కూడమనండి. 05882352, దాని కింద 94117647. కుడివైపు నుంచి మొదలుపెడితే, రెండూ ఏడూ తొమ్మిది, అయిదూ నాలుగూ తొమ్మిది, మూడూ ఆరూ తొమ్మిది. నాలుగో గడి దాకా వచ్చేసరికి తనే మీకంటే ముందు చెప్పేస్తుంది.